తల్లి ఎలుకల లెక్క

"టీ సగం కప్పే పొయ్యి అమ్మాయ్. నిండా పోస్తే చుట్టాల్ని లేచి వెళ్లమన్నట్టు" అని పెళ్లయిన కొత్తలో మా అత్తగారు కుల్యాష్ గారు నాకు నేర్పారు. సగం పోస్తే మళ్లీ పోయాలి, మళ్లీ పోస్తే మళ్లీ. ఆదివారం బంధువులొస్తే టీ నీళ్లు కాగే సమోవర్ పక్కనుంచి నేను లేవడానికుండదు. అలాంటి ఒక ఆదివారం ఎవరో పెద్దాయన నా ఉద్యోగం ఏమిటని అడిగాడు. "ఎలుకలకు మేత వేస్తుంది" అన్నాడు మా ఆయన అస్ఖత్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలవాటు.

మేత వేసే మాట నిజమే. అల్మాతీలో మా ప్రయోగశాలలో, ఒక హార్మోన్ తయారుచేసే జన్యువును తీసేసి పుట్టించిన చిట్టెలుకలున్నాయి. ఆ హార్మోన్ ఒంట్లో చేసే పనేమిటో మాకు తెలియదు. అది లేకపోతే ఎలుకలు బాగా లావెక్కుతాయని మా ప్రొఫెసర్ బౌర్జాన్ గారి ఊహ. లావెక్కలేదు, చిక్కిపోనూ లేదు. మామూలు ఎలుకలంతే తిన్నాయి, అంతే తూగాయి. పనికిమాలిన హార్మోనని తేల్చి, ఈ ఎలుకల్ని పెంచడం ఆపేద్దామన్నారాయన. తూచినవన్నీ మగవే. "ఆడవి ఇవాళ ఉన్నట్టు రేపుండవు, కలిపితే లెక్క చెడుతుంది" అనేవారు.

ఆ ఆదివారం కప్పులు కడుగుతుంటే మా అమ్మాయి తొమిరిస్ చంటిపిల్లగా ఉన్న రోజులు గుర్తొచ్చాయి. పాలిచ్చే నెలల్లో నా బుగ్గలు లోపలికి పోయాయి, పెళ్లి ఉంగరం వేలికి నిలిచేది కాదు. "రోజంతా ఇంట్లోనే ఉంటావు, దేనికి నీరసం?" అనేవాడు అస్ఖత్. ఇంట్లోనే ఉండి నన్ను నేను కరిగించి పిల్లకు పడుతున్నాను, అదీ నేను చేస్తున్న పని. ఒంట్లో దాచిన కొవ్వంతా బయటికి తీయాల్సి వచ్చేది అప్పుడే కదా? మరి తిని పడుకునే మగ ఎలుకల్లో వెతికితే ఈ హార్మోన్ పని ఎలా కనిపిస్తుంది? సబ్బు నురగ కారుతున్న కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పాలిచ్చే తల్లి ఎలుకల్లో చూస్తానని మర్నాడు అడిగాను. "చేసుకో రౌషాన్, కానీ నీ పనివేళలు అయ్యాక" అన్నారు ప్రొఫెసర్.

హార్మోన్ లేని ఆడవాటిని మామూలు మగవాటితో కలిపాను. పిల్లలు పుట్టాయి. తల్లులు మామూలుగానే తింటున్నాయి, పిల్లలు మాత్రం ముడతలు పడి ఎండిపోతున్నాయి. తల్లి ఒంట్లో కొవ్వు ఉన్నచోటే ఉంది, పాలు చాలడం లేదు. లోపం పిల్లల్లోనేమో అన్న అనుమానం మిగలకూడదని వాటిని మామూలు తల్లుల దగ్గర పెట్టి, ఆ తల్లుల పిల్లల్ని హార్మోన్ లేని తల్లులకిచ్చాను. రెండు రోజులకు తల్లుల గది తలుపు తీసి చూస్తే, ఎండిపోయినవి గుండ్రంగా అయ్యాయి. పలచని పొట్ట చర్మంలోంచి తాగిన పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. బొద్దుగా ఉన్నవి ఇటొచ్చి చిక్కిపోయాయి. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ప్రతిసారీ అదే.

ప్రొఫెసర్ సంబరపడ్డారు. రాజధాని అస్తానాలో జరిగే సదస్సులో ఈ సంగతి మాతో పనిచేసే ఎల్దోస్ చెబుతాడన్నారు. "నీకు ఇల్లుంది కదా" అని జాలిగా అన్నారు కూడా. ఎల్దోస్ ఈ తల్లుల గదిలోకి తొంగి చూసినవాడు కాదు. నేనే వెళ్తానన్నాను. తీరా చూస్తే అదే రోజు మా మామగారి డెబ్బయ్యో పుట్టినరోజు విందు.

"ఆ మాటలేవో ఇంకెవరైనా చెప్పలేరా?" అన్నాడు అస్ఖత్. "టీ ఎవరు పోస్తారు?"

"టీ ఎవరైనా పోయగలరు. నేను చెప్పాల్సింది ఇంకెవరూ చెప్పలేరు."

పక్కనే పిండి కలుపుతున్న అత్తగారు ఏం కనిపెట్టావని అడిగారు. చెప్పాను. ఆవిడ చేతిలోని పిండిముద్దను పక్కన పెట్టారు.

"ఐదుగుర్ని కన్నాను. దేనికి నీరసమని నన్నూ అడిగారు" అన్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నీకూ రెండు చేతులున్నాయిగా. టీ నువ్వు పొయ్యి" అన్నారు.

అస్తానాలో మైకు అందుకుని నా పేరు చెప్పాను. ఆ తర్వాత తల్లుల గురించి, కరగని కొవ్వు గురించి, మార్చిన పిల్లల గురించి ఆగకుండా చెప్పాను. అయిపోయాక వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "ఇన్నాళ్లూ మగవాటిలోనే చూశారు కదా, పాలిచ్చే తల్లుల్లో వెతకాలన్న ఆలోచన ఎవరిది?" అని అడిగింది.

ముందు వరసలో ప్రొఫెసర్ గొంతు సవరించుకుని, "అంటే, మేమంతా కలిసి..." అంటూ సగం లేచారు.

మైకు నా చేతిలో ఉంది.

"నాది" అన్నాను.