డిస్కులు తీశాకే

ఆసుపత్రిలో పాతబడ్డ పద్దెనిమిది కంప్యూటర్లను తుక్కు లారీకెక్కించమన్నాడు సూపరింటెండెంటు. అవన్నీ ఇంకా నిక్షేపంలా పనిచేస్తున్నాయి. రికార్డుల గుమాస్తా అడ్డంగా నిలబడింది.

"పనిచేస్తున్నాయనే భయం సార్. ఎవరు ఆన్ చేసినా జనం రోగాలన్నీ కనబడతాయి. డిస్కులు తీయనిదే ఒక్కటీ పంపను."

"పాత సామానుకి ఇంత రాద్ధాంతమా?" అని విసుక్కుంటూ ఆయన వెళ్లిపోయాడు.

ఆమె నడుం బిగించి, స్క్రూడ్రైవరు పుచ్చుకుని ఒక్కో పెట్టె విప్పసాగింది. ఆరోదానికే అరచెయ్యి బొబ్బలెక్కింది. అయినా ఆపలేదు.

లారీ డ్రైవరు హారన్ కొట్టికొట్టి, చివరికి దిగొచ్చాడు.

"పోయినేడు మా ఆవిడకి ఇక్కడే ఆపరేషనైంది. ఆ సంగతులూ వీటిలో ఉంటాయా అమ్మా?"

"ఏదో ఒకదాంట్లో ఉంటాయన్నా."

అతను తన పనిముట్ల సంచి తెచ్చుకుని ఆమె పక్కనే చతికిలబడ్డాడు. సాయంత్రానికి పద్దెనిమిది డిస్కులూ బీరువాలోకి చేరాయి.