తూర్పు గీత

మేకు మూడోసారి కూడా ఊడి వచ్చింది. సున్నం బాబాయ్ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చేతిలోకి తీసుకుని, తప్పు దానిదేనేమో అన్నట్టు మొన పరిశీలించాడు. మొన శుభ్రంగానే ఉంది. తూర్పు వైపు ఈ దక్షిణపు మూలలో నేలే అంత. రెండు వానలు పడ్డాయంటే ఏ మేకునూ నిలవనివ్వదు. అవతలి మూల నుంచి నూరు గజాల తాడు బిగించగానే ఇక్కడి మేకు పాలపన్నులా కదులుతుంది. ఆయన లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, గేటు వైపు చూశాడు. అక్కడ జనం ఉన్నారు. లోపలికి వచ్చేవాళ్ళే లేరు.

పది దాటింది. నాలుగింటికి ఆట. రెండింటికి రిఫరీ వచ్చి గీతలు చూసుకుంటాడు.

ఆయనకూ ఒక పేరుండేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో గీతలు గీస్తూ ఉండగా అది ఎక్కడో జారిపోయింది, ఆయన వెతుక్కోనూ లేదు. సన్నటి మనిషి. వేళ్ళ కొసలు సున్నానికి పగిలి, గోళ్ళ చుట్టూ తెల్లటి అంచు కట్టి ఉంటుంది. జుట్టు నెరిసిందో, సున్నం పడిందో తలంటుకున్న రోజున తప్ప తెలియదని భార్య ఆటపట్టిస్తుంది. క్లబ్బు గదిలో గోడ నిండా ఫొటోలు ఉన్నాయి. ఆయన ఒక్కదాంట్లో ఉన్నాడు, అదీ మోచెయ్యి వరకు. ఇన్నేళ్ళలో ఒక్క ఆటా మొత్తం చూసి ఎరగడు. ఆటగాళ్ళు గీత తొక్కుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది. అందుకని సగంలోనే సామాన్ల గదిలోకి వెళ్ళి కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి గెలిచాం బాబాయ్ అంటే, పోన్లే, పెనాల్టీ పెట్టె చెరిగిందా అని అడిగేవాడు.

ఒకప్పుడు ఈ పనికి ఇద్దరుండేవారు. రెండోవాడు రిటైరయ్యాక క్లబ్బువాళ్ళు ఇంకొకరిని వేయలేదు. ఆ వారం బాబాయ్ ఒంటరిగా తంటాలు పడుతుంటే తూర్పు మెట్ల మీద కూర్చునే అభిమాని ఒకడు గోడ దూకి వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. అంతే, అదే ఆచారమైపోయింది. ప్రతి ఆటకూ మెట్లవాళ్ళలో ఒకరు వచ్చి తాడు పట్టాలి. ఎవరి వంతు ఎప్పుడో మెట్ల వెనక గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది. పెళ్ళయిన మర్నాడు వంతు వచ్చిందని పరుగెత్తుకొచ్చిన పెళ్ళికొడుకు కూడా ఉన్నాడు.

ఈ వారం మాత్రం ఆ గోడ ఖాళీగా ఉంది. తూర్పు మెట్లు పడగొట్టి, పెద్దమనుషులు కూర్చోవడానికి అద్దాల గది కడతామని క్లబ్బు గదివాళ్ళు ప్రకటించారు. తాతల నాటి నుంచి మేము కూర్చునే చోటు, మాతో ఒక్క మాటయినా అనరా అని మెట్లవాళ్ళు మండిపడ్డారు. మాట్లాడడానికి ఛైర్మన్ మూడుసార్లు రమ్మన్నాడు, మూడుసార్లూ తనే రాలేదు. దాంతో ఇవాళ్టి నుంచి క్లబ్బు పనికి ఎవరూ చెయ్యి వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. టిక్కెట్లు చింపేవాళ్ళు లేరు, బంతులు అందించేవాళ్ళు లేరు, తాడు పట్టేవాళ్ళు లేరు.

వృత్తమూ, పెట్టెలూ పొట్టి తాడుతో పొద్దున్నే ముగించాడు బాబాయ్. నాలుగు పొడుగు గీతలు మిగిలాయి. ముందు తూర్పుది. ఒక్కడే గీశాడు, మధ్యలో వంగింది. చీపురుతో, నీళ్ళతో చెరిపి మళ్ళీ గీశాడు. మళ్ళీ వంగింది. మూడోసారి గీస్తుంటే సెక్రటరీ వచ్చాడు. కాలరులో చేతిరుమాలు దోపుకున్న బొద్దు మనిషి.

"ఇదేంటి బాబాయ్? గీతకి బొజ్జ వచ్చింది."

"మేకు ఆగట్లేదు బాబూ. మీరు కాస్త ఆ కొస పట్టుకుంటే..."

"నేనా?" సెక్రటరీ గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నేను తాడు ముట్టుకున్నానంటే వాళ్ళు గేటెక్కి వచ్చేస్తారు. అదలా ఉంచు. ఇవాళ ఆట జరక్కపోతే ఓడినట్టే రాస్తారు. ఓడితే లీగులోంచి బయటికి. ఆ పైన ఛైర్మన్ మెట్లతో ఆగడు, మొత్తం గ్రౌండుకే తాళం వేస్తాడు. తర్వాత నన్నని లాభం లేదు."

ఆయన వెళ్ళిపోయాడు. బాబాయ్ వంగిన గీత చెరపడానికి మళ్ళీ చీపురు అందుకున్నాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతూనే ఉంది. సున్నం బండి తొయ్యడం వల్లేనని సరిపెట్టుకున్నాడు. నీళ్ళ బకెట్ నింపుకోవడానికి గేటు పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్తే, ఊచల అవతల నుంచి బస్సు కండక్టర్ పిలిచాడు. మెట్లవాళ్ళకు అతనే పెద్ద.

"బాబాయ్, ఈ ఒక్క రోజూ ఇంటికెళ్ళి పడుకో. నువ్వు గీయకపోతే ఆట లేదు. ఆట లేకపోతే ఛైర్మన్ దిగొస్తాడు."

"రాకపోతే?"

"వస్తాడు బాబాయ్."

"రాకపోతే ఏం చేస్తావురా, చెప్పు."

కండక్టర్ పక్కకు చూశాడు. అతని పక్కనే, రెండు కర్రలకు కట్టిన ఎర్రటి గుడ్డ ఒక కొస పట్టుకుని బాబాయ్ కూతురు నిలబడి ఉంది. 'మా మెట్లు మాకే' అన్న ఆ అక్షరాలు ఆమె కుట్టినవే. టైలరింగ్ షాపులో పని ముగించుకుని వచ్చి, రెండు రాత్రులు ఇంట్లో మిషను ముందు కూర్చుంది. మిషను చప్పుడు మధ్యే బాబాయ్ గోడ వైపు తిరిగి అన్నం తిన్నాడు. వెళ్ళొద్దు నాన్నా అని ఆమె ఒక్కసారే అంది. గీతలకి పార్టీ ఏముంటుందే అని ఆయనా ఒక్కసారే అన్నాడు. తర్వాత మాటల్లేవు.

ఆయన బకెట్ ఎత్తుకుని వెనక్కి నడిచాడు. నీళ్ళు సగం కాళ్ళ మీదే ఒలికాయి.

నాలుగోసారి మేకు దిగ్గొట్టి, అవతలి మూల దాకా నడిచి, తాడు బిగించి, ఇవతలికి వచ్చేసరికి మేకు నేల మీద పడి ఉంది. మళ్ళీ దిగ్గొట్టాడు. మళ్ళీ నడిచాడు. పన్నెండున్నర. గదివాళ్ళకూ మెట్లవాళ్ళకూ మంచివాడుగా ముప్ఫై ఏళ్ళు గడిపిన తనకు ఈ రోజు ఇద్దరిలో ఒకరు శాపనార్థాలు పెట్టడం ఖాయమని తెలిసి, ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. గ్రౌండుకు తాళం పడితే తను ఏ నేల మీద ఏం గీయాలి? అరవై దాటాక కొత్తగా ఏం నేర్చుకోవాలి?

గేటు చిన్న తలుపు కిర్రుమంది. కూతురు చేతిలోని కర్రను గోడకు ఆనించి లోపలికి వస్తోంది.

"చెల్లెమ్మా, మాటిచ్చావ్!" అని కండక్టర్ అరిచాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "మాట నీకిచ్చానన్నా. తాడు మా నాన్నది. ఆయన అలా అటూ ఇటూ తిరుగుతుంటే నావల్ల కావట్లేదు."

ఎవరో ఛీ అన్నారు. ఎవరో ఈల వేశారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి గానీ నడక ఆగలేదు. వచ్చి, కింద పడున్న మేకుకు కట్టిన కొస విప్పి, రెండు చుట్లు చేతికి చుట్టుకుంది.

"రేపటి నుంచి వాళ్ళు నీతో మాట్లాడరే," అన్నాడు బాబాయ్.

"మాట్లాడకపోతే పోనీ. నీ మొహమేంటి అలా ఉంది? కాసేపు కూర్చో."

"ఈ ఒక్కటీ కానీ. తాడు సంగతి తెలుసుగా?"

"చిన్నప్పటి నుంచీ చూస్తున్నా కదా నాన్నా!"

తాడు పట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. బాబాయ్ ఈ కొస నుంచి బండి తోసుకుంటూ వెళ్ళి, అవతల మేకు దగ్గర గీత ముగించి, మేకు పీకుతాడు. తాడు వదులైతే గీత అయినట్టు. ఇక ఇటువైపు మనిషి అటు చూడాల్సిన పని లేదు. కొస పట్టుకుని తర్వాతి మూలకు నడవడమే. అవతల బాబాయ్ కూడా తన కొసతో నడుస్తాడు. కేకలుండవు, సైగలుండవు.

ఆయన బండి తోశాడు. తాడు తీగలా నిలిచింది. గేటు దగ్గర గోల క్రమంగా తగ్గింది. తిట్టేవాళ్ళు కూడా ఊచల్లోంచి ఆ తెల్లటి గీత సాగడాన్నే చూస్తున్నారు. మెట్ల ముందు నుంచి పోతున్నప్పుడు బాబాయ్‌కి చెమటలు కారి కళ్ళు మండాయి. తుడుచుకోలేదు. చేతులు కదిలితే బండి కదులుతుంది. రొమ్ములో ఏదో పిడికిలి బిగిసినట్టయింది. ఇంకో పది అడుగులు. ఇంకో నాలుగు. మేకు దగ్గర బండి ఆపి వెనక్కి చూసుకున్నాడు. ఎక్కడా వంకర లేదు. అంత దూరాన కూతురు చిన్నగా, నిటారుగా నిలబడి ఉంది. ఆయనకు మనసు నిండిపోయింది. వంగి మేకు పీకాడు. కాస్త కూర్చుని లేద్దాం అనుకున్నాడు.

తాడు వదులైంది. కూతురు కొస పట్టుకుని, తల తిప్పకుండా, పడమటి మూలకు డెబ్భై గజాలు నడిచింది. దారిలో సాయంత్రం కండక్టర్‌కి ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంది. మూలలో నిలబడి బిగింపు కోసం చూసింది. రాలేదు. ఏం చేస్తున్నాడీయన అనుకుంటూ చిన్నగా లాగింది. తాడు గడ్డిలో తేలిగ్గా జారివచ్చింది.

డాక్టరు వచ్చేసరికి చేయడానికేమీ లేకపోయింది. గేటు తెరిచారు, మెట్లవాళ్ళూ, గదివాళ్ళూ ఒకే గుంపుగా నిలబడ్డారు. సెక్రటరీ ఫోను జేబులో పెట్టుకుంటూ, "వాయిదా వేశారు. గ్రౌండులో మనిషి పోతే ఓడినట్టు రాయరట. క్లబ్బుని కాపాడాడు బాబాయ్," అన్నాడు.

"అవును. పాయింట్లు పోలేదు, మన కట్టుబాటూ పోలేదు," అన్నాడు కండక్టర్, కళ్ళు తుడుచుకుంటూ.

రెండు వారాల్లో వాళ్ళిద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి. కూతురు తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని ఆ ఇద్దరినీ చూసింది.

"మా నాన్న మీ ఎవరి కోసమూ చావలేదు. అవతలికి నడవండి," అంది.

నడిచారు. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. ఆమె వెంట ఎక్కింది. సాయంత్రం నాలుగైంది, మైదానంలో ఎవరూ లేరు, మిగతా మూడు గీతలూ లేవు. తూర్పు గీత చివర, మేకు పీకిన కన్నం పక్కన, అరిగిన రబ్బరు చెప్పుల జత ఉండిపోయింది, మడమల దగ్గర తెల్లగా, గీతకు బెత్తెడు అవతల.