ఈస్టరునాటి డప్పు

ఇంతకీ ఆయన వాడిన మాట మళ్ళీ అన్నది, మీవాళ్ళు డప్పు మళ్ళీ మొదలుపెట్టినారంట గదా అని, ఈస్టరు మర్నాడు ఊళ్ళో కిరాణా కొట్టు మాలకొండయ్య చక్కెర పొట్లం కడుతూ నవ్వాడు, అది మెచ్చుకోలే అనుకుంది సుకుమారి, ఏళ్ళ తరబడి ఆత్మకూరు కాలేజీలో తెలుగు చెబుతూ ఒక్కొక్క అవ్యయాన్నీ విప్పి చూపిన మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం విప్పకుండా పొట్లంతోపాటు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చింది, ఇప్పుడు సొంతూరు ఉదయగిరి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అది గుండెలో ముల్లులా కదులుతోంది, ఎందుకంటే ఇందాక ఆత్మకూరు బస్టాండులో తమ చర్చి సంఘపు కోశాధికారి సురేంద్రబాబు ఎస్టీడీ బూతులోంచి బయటికి వస్తూ, పెద్దింటి ముసలాయన తెల్లారి పోయినాడంట మేడం, మీ తమ్ముడు ఎడ్విన్ ఊళ్ళోనే ఉండాడా, అని అడిగాడు, ఊళ్ళో సగం పొలాలున్న పెద్దింటి చావుకూ తన తమ్ముడికీ సంబంధమేమిటని ఆమె అడగలేదు, అడిగితే అతను చెప్పేవాడు.

మందిరంలో డప్పు వాయించాలని తాను మొదలుపెట్టించిన కుర్రవాళ్ళ గుంపుకు ఆర్ట్స్ కమిటీ అన్న పేరు కూడా తాను పెట్టిందే, మన బాప్టిస్టు మందిరానికి పాటలు చాలవా అమ్మా అని పాస్టరుగారు నసిగినా వినలేదు, జనంలోకి రావడమే అరుదైన తాను ఈస్టరుకు ముందు ఒక ఆదివారం మైకు ముందు నిలబడి, కళకు కులం లేదు, మన తాతలు వాయించిన డప్పును మనమే వెలివేసుకున్నాం, అది మిషనరీ దొరలు నేర్పిన సిగ్గు, అని యూనివర్సిటీ లైబ్రరీలో ఎప్పుడో చదివిన వాక్యాలను మెరుగుపెట్టి చెప్పింది, కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు, అవ్వ లిదియమ్మ మాత్రం చాప మీదనుంచి లేచి, మీ తాత దాన్ని చేతులారా తగలబెట్టినాడు తల్లీ, లోపలికి తేబాక, అని కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది, ఎందుకు తగలబెట్టాడని అడగాలని తోచలేదు, కారణం పుస్తకాల్లో ముందే దొరికిపోయింది గనుక, ఆ తర్వాత ఈస్టరు ఉదయాన, వింజమూరులో కొన్న కొత్త డప్పు ఎడ్విన్ వాయిస్తుంటే మందిరం దద్దరిల్లింది, ఆ మోత కోట గోడలను తాకి తిరిగి ఊరి మీద పడింది, ఊరంతా వింది, ఊరంతా వినడమే ఆ రోజు ఘనతగా తోచింది.

బస్సు దిగేసరికి ఎండ ముదిరింది, కొండ నీడ ఇంకా ఊరి మీదికి రాలేదు, బజారులో కొయ్య చెంచాలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు లేదు, పెద్దింటి చావుకు అంగళ్ళన్నీ మూసినట్టున్నారు, మూసిన తలుపుల మధ్య నడుస్తుంటే తన చెప్పుల చప్పుడు తనకే ఎక్కువగా వినబడింది, మందిరం వెనక సన్నగా పొగ లేస్తోంది, చెత్త తగలేస్తున్నారేమో, కాదు, దగ్గరికి పోయేసరికి గడ్డి మంట, మంటకు ఎదురుగా డప్పు పట్టుకుని చర్మం బిగిసేలా కాస్తున్న ఎడ్విన్, పక్కన మోటారుసైకిలు మీద పెద్దింటి సేద్యం చూసే శీనయ్య, ఇంజను ఆపకుండా.

బండి పంపినారక్కా, అన్నాడు ఎడ్విన్ ఉత్సాహంగా, గంట పని, శవం ముందర వాయించాలంట, మన ఆర్టే గదా, ఆమె నోరు తెరిచేలోపే శీనయ్య అందుకున్నాడు, కళకి కులమేందమ్మా, మీరే గదా మైకులో చెప్పినారు, లేటు చెయ్యబాకండి, వచ్చే నెల జాతరకి గూడా ఇప్పుడే చెప్పి రమ్మన్నాడు పెద్దాయన కొడుకు, మా చిన్నయ్య, ఆ గొంతులో బెదిరింపు లేదు, అదే భయపెట్టింది, సంఘంలో సగంమంది ఆ ఇంటి పొలాల్లోనే కూలికి పోతారు, ఆ సంగతి శీనయ్య ఎత్తలేదు, ఎత్తనవసరం లేదు, రాకుంటే, అని ఆమె అడిగింది, ఎందుకు రారు, అన్నాడు శీనయ్య నిజంగానే ఆశ్చర్యపడి, ఇన్నాళ్ళూ మీవోళ్ళు మాకాడ డప్పు లేదు సామీ అనేవోళ్ళు, సరే అని ఊరుకున్నాం, ఇప్పుడు ఉండాది గదా.

ఎడ్విన్ చేయి మంట మీద ఆగిపోయింది, అక్క ముఖంలోకి చూశాడు, ఈ చూపులో ఇందాకటి ఉత్సాహం లేదు, రాడు, అంది సుకుమారి, శీనయ్య కోపపడలేదు, ఇంజను ఆపి బండి స్టాండు వేశాడు, ఆ మాట నిదానంగా ఇంకోసారి చెప్పమ్మా, నేను పోయి అట్నే చెప్పాల, అన్నాడు, ఆ నిశ్శబ్దంలో ఆమెకు తెలిసింది, తాత డప్పును సిగ్గుపడి కాల్చలేదు, వాయించడానికి రమ్మని అడిగినవాడికి లేదు అని నిజమే చెప్పడానికి కాల్చాడు, ఆ ఒక్క మాట చాటున తల ఎత్తకుండానే, ఎవరికీ ఎదురు చెప్పకుండానే మూడు తరాలు బతికాయి, ఇక చెప్పడానికి మిగిలింది మేము రాము అన్న మాట ఒక్కటే, దాన్ని ఎదురుగా నిలబడే అనాలి, ప్రతి చావుకూ, ప్రతి జాతరకూ అంటూనే ఉండాలి, అన్న ప్రతిసారీ ఆ పొలాల్లోకి పోయే ప్రతి ఇల్లూ దాని వెల చెల్లించాలి.