గురువు చేత కత్తి దింపించడం

వేల్స్ లోయల్లో ఏ ఆసుపత్రికెళ్లినా గ్విలిమ్ ప్రొథెరో దగ్గర ఆపరేషన్లు నేర్చుకున్నవాళ్లు ఒకరైనా కనిపిస్తారు. నెరిస్ కూడా ఆయన శిష్యురాలే. ఇప్పుడు ఆయన పనిచేసే ఆసుపత్రిలో డాక్టర్ల మీద వచ్చే ఫిర్యాదులు చూసేది ఆమే.

ఓ మధ్యాహ్నం, ఆపరేషన్లలో మత్తిచ్చే డాక్టరు ఇద్రిస్ ఆమె గదిలోకొచ్చి తలుపేశాడు.

"ఇవాళ గ్విలిమ్ పిత్తాశయం తీసేశాక, మళ్లీ దానికోసమే కడుపులో వెతికాడు. ట్రేలో ఉందయ్యా అంటే నవ్వేశాడు."

"ఇదే మొదలా?"

"చలికాలం నుంచీ ఇంతే. ఆయన మర్చిపోయినప్పుడల్లా నేనూ నర్సులూ పక్కనుంచి మాట అందిస్తున్నాం. మంచి మనిషి కదా, రిటైరయ్యేదాకా ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాం."

"మెయిర్ ప్యూ ఆపరేషన్‌లో కూడా అందించారా?"

ఇద్రిస్ తల దించుకున్నాడు. మెయిర్ బడిలో వంటమనిషి. గ్విలిమ్ కత్తికి తెగాల్సింది కాక వేరే నాళం తెగి, ఒళ్లంతా విషమెక్కి, ఆవిడ అప్పటికి ఐసీయూలో ఉంది.

నెరిస్ ఆ సాయంత్రమే గ్విలిమ్‌ని పిలిపించింది.

"ఇవాళ్టి నుంచి మీరు ఆపరేషన్లు చేయకూడదు. జీతం ఆగదు. బయటి డాక్టర్లు మిమ్మల్ని పరీక్షిస్తారు. ఇది శిక్ష కాదండీ."

"మరి బహుమానమా? నీకు కుట్లేయడం నేర్పిందెవరే?"

"మీరే. అందుకే ఈ మాట ఇంకొకళ్లు చెప్పకూడదని నేనే పిలిచాను."

"ఇద్రిస్ చాడీలు మోశాడన్నమాట. పిరికి వెధవ!"

"పొద్దున మీరు ఆపరేషన్ చేసిందెవరికి?"

ఆయన నోరు తెరిచాడు. పేరు గుర్తురాలేదు. కోపం దిగిపోయింది. మొహంలో భయం మిగిలింది.

"ఇంటి దారి తప్పిపోతున్నానమ్మా," అన్నాడు. "రోజూ కాదు. అప్పుడప్పుడు."

"ఎవరికైనా చెప్పారా?"

"చెబితే ఈ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లేగా."

ఇంట్లో ఎవరూ లేని మనిషి కాబట్టి నెరిసే కారులో దింపింది. పరీక్షలకు కూడా వెంట వెళ్లింది. మతిమరుపు జబ్బు మొదలైందని తేల్చారు. ఆ వారంలోనే మెయిర్ చనిపోయింది.

ఆవిడ భర్త ఎమ్లిన్‌కి జరిగింది చెప్పడానికి కూర్చున్నప్పుడు, లాయర్లు వద్దంటున్నా గ్విలిమ్ వచ్చాడు. టీ ఎవరూ ముట్టలేదు.

"నీకు ముందే తెలుసా?" అని గ్విలిమ్‌ని అడిగాడు ఎమ్లిన్.

"నాలో ఏదో తేడా వచ్చిందని తెలుసు. ఒప్పుకోలేకపోయాను."

"నాకూ తెలుసు," అన్నాడు పక్కనే కూర్చున్న ఇద్రిస్.

ఎమ్లిన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఈయన మీద అందరూ జాలిపడ్డారు. బానే ఉంది. నా మెయిర్ మీద ఒక్కడికీ జాలి కలగలేదేంట్రా?"

ఎమ్లిన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

గ్విలిమ్ గుర్తింపున్న డాక్టర్ల జాబితాలోంచి తనంతట తానే పేరు తీయించుకున్నాడు. ఇద్రిస్ మీద విచారణ నడిచింది. ఉద్యోగం మిగిలింది కానీ, ఆపరేషన్ గదిలో నర్సులు అతనితో పనికి మించి మాట్లాడటం మానేశారు. వాళ్ల సంగతీ బయటపడిందని కోపం. నెరిస్ వాళ్లని కూడా ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడించింది. ఒకమ్మాయి ఏడ్చి, ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది.

ఆదివారాలు నెరిస్ గ్విలిమ్ ఇంటికి వెళ్లి, రొట్టె, సూపు పెట్టి వస్తుంటుంది. ఓ ఆదివారం ఆయన చెంచా ఆపి అడిగాడు.

"ఐసీయూలో ఆ వంటావిడకి ఎలా ఉందమ్మా? జ్వరం తగ్గిందా?"

తగ్గిందనేస్తే ఒక్క మాటతో పోయేది. నెరిస్ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆవిడ చనిపోయిందండీ."

ఆయన అప్పుడే మొదటిసారి విన్నట్టు కుమిలిపోయాడు. సూపు చల్లారిపోయింది. ఆమె ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయింది.