రొయ్యల షెడ్డులో పాదరసం

నేను ఒక బీపీ మిషన్‌ని. ఇప్పుడు మందుల షాపుల్లో దొరికే, బొత్తాం నొక్కితే గుయ్యిమంటూ అంకెలు చూపించే రకం కాదు. రేకు పెట్టె మూత తెరిస్తే నిలువుగా లేచే గాజు గొట్టం, అందులో పాదరసం, పక్కన నల్లటి రబ్బరు బుడ్డి, చేతికి చుట్టే గుడ్డ పట్టీ. ఇంతే నా ఆస్తి. బుడ్డి పిసికితే పాదరసం పైకెక్కుతుంది, మర వదిలితే దిగుతుంది. ఏ ఎత్తులో గుండె చప్పుడు వినబడిందో చూసుకునే పని మనుషులది.

ఢిల్లీ పక్కన ఏదో కార్ఖానాలో పుట్టి, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో ఏలూరు చేరి, ఒక డాక్టరు గారి బల్ల మీద చాలాకాలం బతికాను. హస్తవాసి మంచిదని ఆయనకు పేరు. నోరు మాత్రం మంచిది కాదు. "ఉప్పు మానమన్నానా లేదా?" అని కసురుతూ బుడ్డి పిసికేవారు. రోగి గుండె దడదడలాడేది, నేను పైకి ఎగబాకేదాన్ని, ఆయన మందు పెంచేవారు. బీపీ పెంచేదీ తామే, తగ్గించేదీ తామే అయిన మనుషుల తీరు నాకు అక్కడే అలవాటైంది. ఆయన పోయాక కొడుకు నన్ను యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్ర విభాగానికి ఇచ్చేశాడు. వాళ్లు కృతజ్ఞతలు చెప్పి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తాళం తీయించింది కెజియా. భీమవరం వైపు అమ్మాయి, పరిశోధన చేస్తోంది. పనిచేసే చోట మనుషుల మీద పడే ఒత్తిడి, దానివల్ల ఆరోగ్యానికి జరిగే చెరుపు ఆమె విషయం. వాళ్లమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో నిలబడి నిలబడి, కాళ్ల నరాలు ఉబ్బి పని మానేసింది. ఈ సంగతి కెజియా దరఖాస్తులో రాయలేదు గానీ, నన్ను తుడుస్తూ స్నేహితురాలికి చెబితే విన్నాను.

ఆమె గైడు నృసింహమూర్తి గారు. పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. నిటారుగా నిలబడి లోతుగా గాలి పీల్చి వదిలే పద్ధతి ఒకటి ఆయన సొంతంగా కనిపెట్టారు. బ్యాంకుల్లో, కాలేజీల్లో, పోలీసు శిక్షణలో నేర్పించి కప్పించుకున్న శాలువాలు ఇంట్లో పట్టనన్ని ఉన్నాయి. దానితో రక్తపోటు తగ్గుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి రుజువు కావాలి కాబట్టి కెజియాను, నన్ను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీకి పంపారు. యజమాని ఆయనకు స్నేహితుడే. "మీరేం రాసిస్తే అది చేయించేత్తానండి మాట్టారూ, మా ఆడోళ్లు బాగుంటే మాకూ మంచిదే కదండీ," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

షెడ్డులో ఎప్పుడూ చలికాలమే. ఐసు గుట్టల పక్కన స్టీలు బల్లలు, బల్లల చుట్టూ తెల్ల టోపీలు, రబ్బరు బూట్లు వేసుకున్న ఆడవాళ్లు. లోపలికి వచ్చింది మొదలు ఇంటికి వెళ్లేదాకా నిలబడే ఒలుస్తారు. కూర్చునే వీలు లేదు, కూర్చోవడానికి ఏమీ లేదు. మొదటి రోజు సత్యవేణి అనే ఆవిడ చెయ్యి చాపింది. వేళ్లు నాని పాలిపోయి ఉన్నాయి.

"బీపీ ఎక్కువుంటే పని మానిపించేత్తారాండి?"

"లేదు పిన్నీ. ఎవరికెంతో బయట చెప్పను."

"అయితే సూడండి."

చూసింది. ఎక్కువే ఉంది. చాలామందికి అలాగే ఉంది.

వాళ్లను రెండు గుంపులు చేశారు. మొదటి గుంపు రోజూ భోజనం కాగానే ఆవరణలో వరసగా నిలబడి, లౌడ్‌స్పీకరులో నృసింహమూర్తి గారి గొంతు చెప్పినట్లు గాలి పీల్చాలి. రెండో గుంపు అంతసేపూ ఒక గదిలో కుర్చీల్లో ఊరికే కూర్చోవాలి. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తేనే కదా, చేసినవాళ్లకు కలిగిన మేలు ఎంతో తెలిసేది. సత్యవేణి మొదటి గుంపులో పడింది.

"పొద్దున్నించీ నిలబడే ఉన్నాం కదండీ. ఆ గాలేదో కూకుని పీల్చుకుంటే రాదేటండి?" అని అడిగింది.

"సార్ పద్ధతి అంతే పిన్నీ," అంది కెజియా.

"ఆయ్. అలాగేనండి."

నిలబడి నిలబడి అలిసినవాళ్లకు, అలసట పోవడానికి మళ్లీ నిలబడమని చెప్పారు. ఇందులో వింత ఉందని ఇద్దరు చదువుకున్నవాళ్లకూ తోచలేదు. నాకూ తోచలేదు లెండి, నా జన్మంతా నిలువుగా ఉండటమే.

వానలు మొదలయ్యే వేళకు లెక్కలు తేలాయి. నిలబడి గాలి పీల్చినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కుర్చీల్లో ఊరికే కూర్చున్నవాళ్లకు రక్తపోటు బాగా దిగింది. కెజియా లెక్కలు మళ్లీ మొదటినుంచీ వేసి చూసింది. తరవాత ఒలిచే బల్లల దగ్గర స్టూళ్లు వేయించాలని ఫ్యాక్టరీకి సిఫారసు రాసింది. గైడు సంతకం లేనిదే అది యూనివర్సిటీ గడప దాటదు.

నృసింహమూర్తి గారు చదివి నవ్వారు. "మిషన్ పాడైందమ్మా," అన్నారు.

"లేదనుకుంటా సార్."

"ఏదీ, నాకు చూడు."

పట్టీ చుట్టింది. గుండె చప్పుడు నూట డెబ్బై పైనే వినబడింది. ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్లల్లో మాత్రం పోయింది.

"చూశావా? నాకెక్కడి బీపీ? పరికరంలో లోపం ఉందని రాసి, ఆ కూర్చున్న గుంపును తీసేయి. శ్వాస కార్యక్రమం మొదలుపెట్టమని ఫ్యాక్టరీకి నేను రాస్తాను. నీ థీసిస్ కూడా త్వరగా అయిపోతుంది."

నాకు ఒళ్లు మండింది. తప్పంతా నా నెత్తిన రుద్దితే అందరికీ సుఖమే. ఆయన పద్ధతి నిలుస్తుంది, అమ్మాయికి డిగ్రీ వస్తుంది. షెడ్డులో ఆడవాళ్లకు మాత్రం ఒక లౌడ్‌స్పీకరు మిగులుతుంది.

కెజియా నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్లి, అక్కడి కొత్త మిషన్ రబ్బరు గొట్టానికీ నా రబ్బరు గొట్టానికీ లంకె వేయించింది. బుడ్డి పిసికిన ప్రతిసారీ ఇద్దరం ఒక్క ఎత్తుకే ఎక్కాం, ఒక్క ఎత్తుకే దిగాం.

"మిషన్ బాగానే ఉంది సార్," అని వచ్చి చెప్పింది. 

 ఆ తరవాత ఆమె ఎదురుపడితే ఆయన పక్కకు తప్పుకునేవారు. సిఫారసు ల్యాబులో బల్ల మీదే పడి ఉంది. మరో గైడును చూసుకోమని కొందరు, ఆ ఒక్క పేజీ చించేసి బతికిపొమ్మని కొందరు సలహా ఇచ్చారు. ఆమె చించలేదు. భయపడింది, ఏడ్చింది, రోజూ వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంది.

ఒక మధ్యాహ్నం నృసింహమూర్తి గారు ఒక్కరే ల్యాబుకు వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టారు.

"మళ్లీ ఒకసారి చూడమ్మా."

కాసేపు ఊరికే కూర్చోమంది. ఆయన అలాగే కూర్చున్నారు. తరవాత చూసింది. కాస్త దిగింది గానీ ఇంకా ఎక్కువే.

"ఎక్కువే ఉంది సార్. డాక్టరుకు చూపించుకోండి."

"బయటా చూపించుకున్నాను. అక్కడా ఇంతే," అన్నారాయన. కొంచెంసేపు గాజు గొట్టం కేసి చూసి, "ఆ స్టూళ్ల కాగితం ఎక్కడ?" అని అడిగారు.

తెచ్చి ముందు పెట్టింది. నేనింకా ఎడమ చేతికి చుట్టుకునే ఉన్నాను. కుడిచేత్తో సంతకం పెట్టేశారు.

షెడ్డులో స్టూళ్లు వేశారు. పని తగ్గుతుందేమోనని యజమాని బెంగపడ్డాడు, తగ్గలేదు. సత్యవేణి బల్ల వాళ్లు కూర్చునే ఒలుస్తున్నారట, కెజియా చెప్పింది. చూడాలని ఉండేది. ఈలోగా పాదరసం విషమని, వాడకూడదన్నారు, నన్ను విభాగంలో అద్దాల బీరువాలోకి ఎక్కించారు. కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా నృసింహమూర్తి గారు వాళ్లను నా ముందు నిలబెట్టి, "ఈ మిషన్ ఎవరి మొహమాటానికీ లొంగదు," అని చెబుతారు. ఆ సంగతి ఆయనకెలా తెలుసని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.