పాట రాల్చిన రజను

పొద్దున్నే పాట పెట్టుకోవడం, పాట అయ్యాక బల్ల కింద ఊడవడం ఆ ఇంట్లో పళ్లు తోముకున్నంత మామూలు పని. కంప్యూటర్ మోయలేని స్వరాలు స్పీకర్ల కింద నల్లటి రజనులా రాలుతుంటాయి. అందరి ఇళ్లలోనూ రాలుతాయి. అందరూ ఊడ్చి పారేస్తారు. ఈ ఇంటాయన మాత్రం తూచి పారేస్తాడు.

ఆయన వృత్తి తూకం యంత్రాలు బాగుచెయ్యడం. మందుల కొట్లోనో పోస్టాఫీసులోనో ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఆయనకి కబురు వెళ్తుంది. వీధిలో తూకాలాయన అంటేనే తెలుస్తుంది.

"నలభై ఒక్క గ్రాములు!" అన్నాడు ఆ ఆదివారం, చేట దించుతూ. "ఒక్క పాటకి!"

"ఇంకా నయం, ఊడ్చిన నన్ను తూచలేదు," అంది భార్య. "అటక మీద ఎనిమిదేళ్లుగా ఒక డబ్బా మూలుగుతోంది. పనిలో పనిగా దాన్ని కూడా పారేస్తే ఇల్లు తేలికపడుతుంది."

"దానికి చీటీ ఉంది. చీటీ ఉన్నది పారెయ్యకూడదు."

ఆ డబ్బా కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. అత్తగారు వయసులో ఉండగా నలభైమంది బృందంలో పాడిన పాట ఒకటి పాత రికార్డు మీద ఉండేది. ఎనిమిదేళ్ల కిందట బావమరిది వచ్చి, దాన్ని ఈ కంప్యూటర్లోకి ఎక్కించాడు. చోటు కలిసొస్తుందని పాటను నొక్కి నొక్కి చిటికెడంత ఫైలు చేశాడు. గీతలు పడిన రికార్డును బయట పారేసి, మహా ఉపకారం చేసినట్టు చేతులు దులుపుకున్నాడు. పాటను నొక్కుతుంటే బల్ల కింద రజను కుప్పపోసింది. రెండు వందల పన్నెండు గ్రాములు. అంత బరువు ఎవరిదో తేలకుండా పారెయ్యడానికి తూకాలాయనకి చేతులు రాలేదు. డబ్బాలో పోసి, మూత మీద బరువు రాసిన చీటీ అంటించాడు.

ఇప్పుడు ఆ పాటతో పనిబడింది. అత్తగారు వీళ్లింటికి వచ్చి ఏడాది. ఏ గిన్నె ముట్టుకున్నా కూతురు "నువ్వు కూచో అమ్మా" అంటుంది. కూచుని కూచుని ఆవిడకి విసుగెత్తింది. రెండు వీధుల అవతల బడిలో పిల్లలకి పాటలు నేర్పేవాళ్లు కావాలన్నారని తెలిసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి అడిగేసి వచ్చింది.

"ఇప్పటి గొంతు బాగానే ఉందిట," అంది అల్లుడితో. "కానీ ఆ బృందంలో పాడానన్నదానికి ఆధారం కావాలిట. పైవాళ్లు అడుగుతారుట. శనివారం పదకొండింటికి హెడ్మాస్టరమ్మ ఇంటికే వచ్చి వింటుంది. నాకంటూ ఒక పని కావాలి బాబూ. ఆ పాటలో నేను వినపడాలి."

"వినిపిస్తాను అత్తయ్యా," అన్నాడాయన. తూకం సరిచేసిస్తానని దుకాణదారుకి చెప్పినంత ధీమాగా.

ముందు కంప్యూటర్లో హోరు పెంచే సోకులన్నీ ఆపేశాడు. చిన్న గదిని పెద్ద హాలులా మోగించే మాయ కూడా తీసేశాడు. బీరువా మీద మూలకి నక్కిన స్పీకర్లను దించి, గోడకి జానెడు ఇవతల, కూచున్నవాళ్ల చెవి ఎత్తులో, కుర్చీ వైపు కొద్దిగా తిప్పి పెట్టాడు. వాటి కింద పాత తూకం యంత్రాల రబ్బరు కాళ్లు అమర్చాడు. సెల్‌ఫోన్ ఛార్జరు వైరు వేరే ప్లగ్గులోకి మార్చేసరికి, ఏళ్ల తరబడి పాట వెనక జుయ్యిమంటున్న ఈగ చచ్చిపోయింది. గురువారం అగ్గిపెట్టంత పెట్టె ఒకటి కొనుక్కొచ్చి కంప్యూటర్‌కి తగిలించాడు. లోపలి రొదలో కాకుండా, ఆ పెట్టెలో పాట ప్రశాంతంగా తయారవుతుందిట. శుక్రవారం ఎదురుగోడకి బొంత వేలాడదీస్తే భార్య నెత్తి కొట్టుకుంది.

"ఎవరైనా చూస్తే గోడకి జ్వరమొచ్చిందనుకుంటారండీ!"

కానీ రజను రెండు గ్రాములకి దిగింది. రోజుకో గొంతు విడివడి వినపడసాగింది. వెనక వరసలో మగవాళ్లు, కాగితం తిప్పిన చప్పుడు, ఎవరిదో దగ్గు.

"ఆ దగ్గు మా హార్మోనియం ఆయనది!" అని మురిసిపోయింది అత్తగారు. కళ్లు మూసుకుని వేళ్ల మీద గొంతులు లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. ముప్ఫై తొమ్మిదే.

"ఆ రోజు నువ్వు ఉత్తినే పెదాలు కదిపి ఊరుకున్నావేమోనే అమ్మా," అంది కూతురు.

"నోరు మూసుకోవడం నాకు చేతనయితే మీ నాన్న ఇంకో పదేళ్లు బతికేవాడు," అంది అత్తగారు. కానీ ఆ రాత్రి ఆవిడకి అన్నం సహించలేదు.

శనివారం హెడ్మాస్టరమ్మ సరిగ్గా పదకొండింటికి వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి పాటంతా విన్నది.

"అద్దంలా ఉందండీ. కానీ ఇందులో మీరేరీ?"

అత్తగారు చేతులకేసి చూసుకుంది. భార్య మొగుడికేసి చూసింది. తూకాలాయన లేచి, స్టూలు వేసుకుని అటకెక్కాడు.

"ఒక్క నిమిషం కూచోండి. సరుకు తక్కువొచ్చిందంటే మాయమైపోయిందని కాదు. ఎక్కడో పక్కన పడి ఉంటుంది."

డబ్బా మూత తీసి, రజనంతా స్పీకర్ల కింద నేల మీద పోసి, పాట మొదటినుంచి పెట్టాడు. రజను కదిలింది. చీమలబారులా సాగి, బల్ల కాళ్లు ఎక్కి, స్పీకర్ల గుడ్డలోకి ఇంకిపోసాగింది. దారికి అడ్డం రాకుండా హెడ్మాస్టరమ్మ కాళ్లు పైకి పెట్టుకుని వినడం కొనసాగించింది.

రెండో చరణంలో నలభయ్యో గొంతు వచ్చింది. కాస్త గరుకుగా, నిటారుగా. చివరికి వచ్చేసరికి ముప్ఫై తొమ్మిది గొంతులూ ఒక్కసారి ఆగాయి. ఆ గొంతు ఆగలేదు. ఇంకో ఊపిరిసేపు ఒంటరిగా సాగి, ఉలిక్కిపడి ఆగింది.

అత్తగారి మొహం ఎర్రబడింది.

"అది నేనే. కళ్లు మూసుకుని పాడుతూ, మాస్టారు చెయ్యి దించడం చూసుకోలేదు. మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆ రికార్డు చివరిదాకా నేనెన్నడూ వినలేదు, వినపడుతుందేమోనన్న భయంతో. ఈ వారమే ధైర్యం చేశాను."

కూతురు వచ్చి తల్లి పక్కన కూచుంది.

"చివర మాత్రం మళ్లీ పెట్టండి," అంది హెడ్మాస్టరమ్మ. విన్నది. "మా దగ్గర ముప్ఫైమంది పిల్లలు. పక్కవాడు ఆపేస్తాడేమోనని వాడి మూతికేసి చూస్తూ పాడతారు. ఒకడు ఆపితే గదంతా గప్‌చుప్. మీరు సోమవారం ఎనిమిదింటికి రాగలరా?"

"ఏడున్నరకే వస్తాను," అంది అత్తగారు.

హెడ్మాస్టరమ్మ వెళ్లాక తూకాలాయన ఖాళీ డబ్బాను తూచాడు. ఉత్త డబ్బా బరువే. నేల కూడా తూచేలా ఉన్నాడని భార్య చీపురు తెచ్చింది గానీ ఊడవడానికి ఏమీ లేదు.

సోమవారం అత్తగారు ఆ డబ్బాలోనే మధ్యాహ్నానికి తిండి సర్దుకుంది. మూడుసార్లు కడిగానని అల్లుడు హామీ ఇచ్చాడు. చీటీ పీకబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ బాబూ. చీటీ ఉంటే ఎవరూ పారెయ్యరు."