కౌంటర్ మీది పెన్సిల్

పెన్సిల్ మొన చెక్కి, దాని మెడకు కట్టిన కట్టుగుడ్డ పేలికను కౌంటర్ మేకుకు బిగించి, పక్కన చిన్న చిన్న కాగితం ముక్కలు పెట్టాడు సీతారామ. పేలిక పక్కూరు సత్రపట్టిలో నేసిన గుడ్డే. షాపు తెరవగానే మొదట చేసే పని ఇది. దేవుడి పటానికి ఊదుబత్తి ఆ తరువాతే.

"జనానికి నోరుండాది కదన్నా, పెన్సిలెందుకు?" అని ఓనరు ఉదయకుమార్ ఇవాళ కూడా నవ్వాడు.

"కొందరికి నోరు రాదు తమ్ముడా. పర్వాయిల్లె, ఉండనీ."

అరవై రెండేళ్ళ మనిషి. ఈ మందులషాపులో ముప్పై ఏళ్ళు నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు ముడులు పడ్డాయి. రాజపాళయంలో ఎవరినైనా ముక్కు చూసి ఇల్లు చెప్పగలడు. మందు అడిగినవాళ్ళను ముందు "ఎవురింటి బిడ్డవు?" అని పలకరించడం అతని మర్యాద, ఊరి మర్యాద కూడానూ. ప్రేమతోనే అడిగేవాడు, పాపం.

ఎనిమిదేళ్ళ కిందట సేత్తూరు బస్సు దిగి ఒక మిల్లు పనిపిల్ల వచ్చింది. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కావాలని గొణిగిందో లేదో, "అళగర్ బిడ్డ జీవితవు కదా? మీ నాయన బాగుండాడా?" అన్నాడు. కౌంటర్ దగ్గర నలుగురున్నారు. ఆ పిల్ల తలనొప్పి మాత్ర కొనుక్కుని వెళ్ళిపోయింది. రెండు నెలల తరువాత కడుపు పోవడానికి ఎవరో ఇచ్చిన నాటుమందు తిని చచ్చిపోయింది. ఎదురుగోడ మీద ఆమె ఫొటోతో కన్నీటి అంజలి పోస్టర్ అంటించారు. అది వానలకు ఎప్పుడో కారిపోయింది. అయినా ఆరింటి సేత్తూరు బస్సు హారన్ వినపడితే చాలు, ఆ పిల్ల కౌంటర్ చివర నిలబడుతుంది, అతనికి మాత్రమే కనబడుతూ. ఏమీ అడగదు. తలనొప్పి మాత్ర చేతిలో పట్టుకుని చూస్తుంటుంది.

మధ్యాహ్నం జయప్రియ వచ్చింది. ఇలాంటి మాత్రలూ కాండోమ్‌లూ వయసు పిల్లలకు బెదురు లేకుండా ఎలా అమ్మాలో షాపు షాపుకూ తిరిగి నేర్పే అమ్మాయి. తలుపు మీద స్టిక్కర్ అంటించి, "పేరు అడక్కూడదు, ఊరు అడక్కూడదు సార్" అని తమిళంలో పాఠం చెప్పింది. సీతారామ బుద్ధిగా విన్నాడు. ఈ పిల్ల ఎనిమిదేళ్ళ ముందు రాకూడదా అనుకున్నాడు.

ఆరింటికి హారన్ మోగింది. ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. జీవిత కాదు. ఈమెకు చెమట పట్టింది. అటూ ఇటూ చూసి, పెన్సిల్ చివర కాసేపు కొరికి, రాసి, కాగితం బోర్లించి జరిపింది.

అదే మాత్ర. ఆ ముక్కు తన వీధిలో ఉండే వెళ్ళత్తాయి అనే ఆవిడ ముక్కే. మాట గొంతుదాకా వచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, మింగేశాడు.

"మూడు దినాలు దాటలేదు కదమ్మా?" అని మాత్రం మెల్లగా అడిగాడు.

ఆమె లేదన్నట్టు తలూపింది.

"ఇప్పుడే వేసుకో. బయపడద్దు."

నీళ్ళిచ్చాడు. ఆమె వెళ్ళాక కౌంటర్ చివరికి చూశాడు. ఎవరూ లేరు.

"పోయినావా తల్లీ," అంటూ స్టూల్ మీద కూర్చుని మందుల అరకు ఆనుకున్నాడు.

"అన్నా, టీ తెచ్చినా," అన్నాడు ఉదయకుమార్. రెండోసారి పిలిచి భుజం తట్టాక తెలిసింది.

నాలుగోనాడు షాపు తెరిచేసరికి ఎదురుగోడ మీద పోస్టర్‌లో సీతారామ ఫొటో ఉంది. ఉదయకుమార్ ఊదుబత్తి వెలిగించబోయి ఆగాడు. ముందు పెన్సిల్ చెక్కాడు. దాని చివర పంటిగాట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి.